ఇంకా రెండు పెరటాసులు

చంద్రగిరి,
18-9-78.

అత్తకు నమస్కారాలు.

క్షేమమని రాయడానికి చెయ్యి రాలేదు. ఈడ ఉండాము, అంతే.

మన మునిరత్నం పుట్టినప్పుడు మీరు మొక్కుకున్నారు కదా, వాడికి ఏడేండ్లు నిండినాక అయిదేండ్లు పెరటాసి నెల శనివారాల్లో నామాల సెంబు పట్టుకోని, గోవిందా అని అయిదిండ్లు అడుక్కొచ్చి, ఆ బియ్యమే వండి సామికి తళిగ వేస్తామని. వాడు మూడేండ్లు తిరిగినాడు. మాఘంలో జ్వరమొచ్చి పోయినాడు. మిగిలిన రెండేండ్లు వాడితోనే పోయినట్టా, లేకుంటే ఇంట్లోవాళ్లం తీర్చాల్నా? ఆయన్ని అడిగితే సెంబును అటక మీద పెట్టెయ్యమన్నాడు.

నేను ఇంకో తప్పు చేసినాను. ఏడాదంతా సామి గూట్లో ఉండే ఆ సెంబును, మొన్న ఎప్పటిమాదిరే తీసి చింతపండు పెట్టి తోమినాను. నామాలు పోయినాక గుర్తుకొచ్చింది, అవి పోయినేడు వాడు పెట్టినవని. నడిమి ఎర్రగీత వంకరగా పెట్టినాడని మీరు కోప్పడినారు కూడా. ఇప్పుడు సెంబు తళతళా ఉండాది. దాని పక్క సూడలేకుండా ఉండాను.

శనివారంలోపల జాబు రాయండి. రాకపోతే ఆ అయిదిండ్లకూ నేనే పోతాను. నామాలు నేనే పెడతాను, వంకరగానే. వాడు గోవిందా అంటే నాలుగో ఇంటికి వినపడేది. నాకు ఆ గొంతు రాదు. వాకిట్లో సెంబు పట్టుకోని ఊరికే నిలబడతాను. సూసినోళ్లు బియ్యం పోస్తారు.

మీ కోడలు