పట్టుచీర మడతలో ఎర్రరాయి

ఏమయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్విచ్చిన ఎర్రరాయిని ఇవాళ బయటికి తీశాను. ఎక్కడిదని అడిగితే, "యాడిదైతే ఏమి, దాచుకో" అని నవ్వావు. నువ్వు పనిచేసిన సర్కారు బంగారు గని గేటులో మిమ్మల్ని బట్టలు దులిపి వెతికేవాళ్లు. దొంగసొత్తేమోనని ఇన్నేళ్లూ దాన్ని పట్టుచీర మడతలో పెట్టి, బీరువాకు తాళం వేశాను.

రాళ్ల చదువు చదివిన మన కూతురు లలిత దాన్ని అరచేతిలో ఎగరేసి చూసింది. "సీసం, వెనేడియం అనే లోహాలు కలిసిన రాయమ్మా, అందుకే ఇంత బరువుండాది. సీసపు రాతికి గాలీ నీళ్లూ తగిలే పైపొరల్లో పుడతాది. మన బంగారు గని లోతుల్లో యాడ దొరుకుతాది?" అంది.

అంటే నువ్వు ఖాళీ చేతులతోనే గేటు దాటావు. మన ఆండర్సన్‌పేట జనమంతా చూడాలని కిటికీలో పెట్టబోయాను.

"వద్దమ్మా, వెలుతురుకు నల్లబడతాది."

మళ్లీ ఆ మడతలోనే పెట్టాను. తాళం మాత్రం వెయ్యలేదు.