స్నానం లేని షహీద్

9 మార్చి 1986

డైరీ తెలుగులో ఎందుకంటే, మా ఇంట్లో అందరికీ ఉర్దూ చదవడం వచ్చు.

జొహరాబీ పెద్దకొడుకు హుసేన్ పీరా మిలిటరీలో చనిపోయాడని టెలిగ్రామ్. తూర్పున ఎక్కడో కొండల్లో డ్యూటీ. శత్రువుల కాల్పుల్లో వీరమరణం అని ఉంది. ఆమె జిన్నింగ్ ఫ్యాక్టరీ నుంచి తలలో దూదితోనే పరుగెత్తి వచ్చింది. ఆ టెలిగ్రామ్ చదివి చెప్పే పని నాకే పడింది. ఏడో తరగతిలో వాడికి తెలుగు చెప్పింది నేనే. పద్యం అప్పజెప్పమంటే కిటికీ వైపు చూసేవాడు. మంచి పిల్లవాడు.

మా వాళ్లలో మగవాళ్లు పోతే శవానికి స్నానం చేయించే పని మా నాన్న నుంచి నాకు వచ్చింది. బడి జీతానికి, ఇది పుణ్యానికి. మా ఆవిడ సుగ్రాబీకి మాత్రం గిట్టదు. అన్నం ముందు చేతులు మళ్లీ కడుక్కోమంటుంది.

11 మార్చి, మధ్యాహ్నం

గుంతకల్లు నుంచి లారీలో పెట్టె వచ్చింది. సీలు వేసి ఉంది, తెరవకూడదని ఆర్డర్. ఆదోనిలో సగం ఊరు వచ్చింది. సీలు తీయించి అయినా స్నానం చేయిద్దామని రేగాకులు వేసి నీళ్లు కాచాను. మసీదులో నమాజు చేయించే పేష్ ఇమామ్ కరీం సాబ్ వచ్చి, యుద్ధంలో పోయినోడు షహీదప్పా, వానికి నీళ్లు పోయకూడదు, ఆ నెత్తురుతోనే పోవల్ల అన్నాడు. జొహరాబీ ముఖంలో ఏడుపు మధ్యలోనే ఒక వెలుగు. నీళ్లు పారబోశాను.

అదే రోజు, సాయంత్రం

పెట్టెతో వచ్చిన మిలిటరీ నాయక్ నన్ను టీకి పిలిచాడు. నీళ్లు ఎందుకు పారబోశావని అడిగాడు. చెప్పాను. గ్లాసు కింద పెట్టాడు. తర్వాత హిందీలో, తల ఎత్తకుండా చెప్పాడు.

ఒక ఇంటి మీద కాల్చమని వాళ్లకు ఆర్డర్ వచ్చిందట. కాల్చారు. లోపల ఒక ముసలామె, ఒక కోడలు, ఇద్దరు పిల్లలు. రిపోర్టులో నలుగురు టెర్రరిస్టులు. లోపలికి పోయి వాళ్లను బయటికి మోసింది హుసేన్ పీరా. నాలుగో రోజు సెంట్రీ డ్యూటీలో తన రైఫిల్‌తోనే కాల్చుకున్నాడు. అది కూడా శత్రువుల కాల్పులే అయింది. బయటపడితే తన ఉద్యోగం పోతుంది, ఆ తల్లికి పెన్షన్ రాదు అన్నాడు నాయక్. మరి నాకెందుకు చెప్పావంటే, ఒక్కడినే మోయలేకపోయాను అన్నాడు.

అప్పటికి ఖననానికి ఇంకా టైముంది. వాడు షహీద్ కాకపోతే స్నానం చేయించాలి. చేయిస్తే ఎందుకని ఊరంతా అడుగుతుంది. నేను చేయించలేదు. వెనక వరసలో నిలబడి నమాజు చేశాను. మిలిటరీ వాళ్లు గాల్లోకి కాల్చినప్పుడు అందరూ తల ఎత్తారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

12 మార్చి

బడికి సెలవు పెట్టాను. జ్వరమని రాశాను.

2 ఏప్రిల్

శవం ఒంటి మీద ఏం చూసినా బయట చెప్పకూడదని నాన్న నేర్పాడు. అది పోయినవాడి పరువు కోసం. ఇప్పుడు నేను కాపాడుతున్నది ఎవరి పరువు?

21 ఏప్రిల్

హుసేన్ పీరా తమ్ముడు యూసుఫ్ కాండక్ట్ సర్టిఫికెట్ కోసం వచ్చాడు. కర్నూలులో మిలిటరీ సెలెక్షన్లట. షహీద్ తమ్ముడంటే ఎత్తు తక్కువున్నా తీసుకుంటారంట సార్ అని నవ్వాడు. మీ అమ్మ ఏమంది అని అడిగాను. పొమ్మనింది సార్, మీ అన్న కన్నా ఎక్కువా నువ్వు అనింది అన్నాడు. హెడ్మాస్టర్ లేడు, రేపు రా అని పంపేశాను. హెడ్మాస్టర్ పక్క గదిలోనే ఉన్నాడు.

24 ఏప్రిల్

చెప్పేశాను.

జొహరాబీ ఒక్కతే ఉంది. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. రాండి సారూ అని చాప వేసింది. ఆమెది దేవనకొండ వైపు, మాటంతా తెలుగే. ఆ ఇంటి సంగతి, నలుగురి సంగతి, రైఫిల్ సంగతి, దాచకుండా అంతా చెప్పాను. యూసుఫ్‌ను పంపొద్దన్నాను. కేకలు పెడుతుందనుకున్నాను, పెట్టలేదు. చాట పక్కన పెట్టింది.

అట్లయితే నా బిడ్డకు నీళ్లు పోయలేదా సారూ అని అడిగింది.

పెన్షన్ గురించి, ఊరి గురించి ఏదేదో చెప్పాను. పింఛను నేనడిగినానా, ఎవురి కోసం ఆపుకున్నావు ఆ నీళ్లు, తెలిసీ నా కొడుకును అట్లనే మట్టిలో పెట్టినావు గదప్పా అంది. ఇన్నేళ్లుగా మీరు అనేది, ఏకవచనంలోకి దిగింది. నాకు కోపం రాలేదు. ఏడుపు వచ్చింది. లేచి గుమ్మం దాకా వచ్చాక, ఆ పిల్లోళ్లకు ఎన్నేండ్లు అని వెనక నుంచి అడిగింది. తెలియదన్నాను. నేను నాయక్‌ను అడగనే లేదు.

28 ఏప్రిల్

యూసుఫ్ కర్నూలుకు పోలేదు. తల్లి ఏం చెప్పి ఆపిందో ఎవరికీ తెలియదు. వాడు ఆమెతో మాట్లాడటం లేదట.

16 మే

ఊళ్లో కొళాయి వారానికి ఒకసారి వస్తోంది. అయినా జొహరాబీ ప్రతి శుక్రవారం రెండు బిందెలు కబరస్తాన్‌కు మోసుకుపోతోందని సుగ్రాబీ చెప్పింది. మతి పోయింది పాపం అంది.

ఈ రోజు వెళ్లాను. ఒక బిందె కొడుకు సమాధి మీద పోసింది, తల వైపు నుంచి కాళ్ల దాకా, మెల్లగా. నేను సాయం పట్టబోతే చేయి అడ్డం పెట్టింది. రెండో బిందె పక్కనున్న ఖాళీ నేల మీద పోయాలంది. అక్కడ ఎవరూ లేరు కదమ్మా అన్నాను.

ఆ నలుగురికి, అంది. ఆ బిందె నా చేతికిచ్చింది.