నడింట్లో వనజ పటం

శాంతా,

పట్టు కోసం హిందూపురం పోతున్నాను. రాత్రికి వస్తాను. వనజ కబడ్డీ ఫోటోను పటం కట్టించి తెచ్చాను, మగ్గం పక్కన ఉంది. నడింట్లో వాకిలికి ఎదురుగా తగిలించు. రేపు పిల్లను చూడవచ్చేవాళ్ల కళ్లు ముందు దానిమీదే పడాలి.

"నిక్కరేసుకోనుండే పిల్లను ఎవురు చేసుకుంటారు?" అని నిన్న కళ్లనీళ్లు పెట్టుకున్నావు. ఆ నిక్కరుతోనే జిల్లా కప్పు గెలిచింది మన బిడ్డ. అది చూసి మొహం తిప్పుకునే ఇంటికి నేను పిల్లనివ్వను. వాళ్లొచ్చే ముందు పటం తీసి దాచిపెట్టొద్దు.

మేకు మరీ కిందికి కొట్టానని తిట్టుకోకు. నడుము వంగిపోయిన మా అమ్మ పటం చేతికి తీసుకుని చాలాసేపు చూసి, "కప్పు పట్టుకోనుండేది మన వనజేనా? ఇంగా కిందికి కొట్టురా, నాకూ అగుపడల్ల" అంది.