వీణల మేస్త్రి చేతులు

బావా,

నువ్వు పోయి ఏడాదైన సందర్భంగా మన పత్రిక ప్రత్యేక సంచిక వచ్చింది. బొబ్బిలిలో నువ్వు తీసిన వీణల మేస్త్రి ఫొటోకి మధ్య రెండు పేజీలూ ఇచ్చేశాను. ఏ అంచూ కొయ్యలేదు.

మొదటిసారి అదే ఫొటో వేసినప్పుడు శీర్షికకు చోటు చాలలేదు. ముఖం ఉంటే చాలనుకుని మేస్త్రి చేతులు కత్తిరించేశాను. నువ్వు పత్రిక పట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చావు. "మొగంతో సేసినాడేట్రా వీణ? సేతులేవి?" అన్నావు. మా ఆవిడ అన్నం వడ్డిస్తున్నా కూర్చోకుండా వెళ్లిపోయావు.

ఈసారీ సంపాదకుడు "శీర్షిక ఎక్కడ పెడతావయ్యా?" అని అడిగాడు. దాన్ని అంతకుముందు పేజీకి జరిపేశాను.

సంచిక ఇవ్వడానికి ఈ రోజు మేస్త్రి కూతురి దగ్గరికి వెళ్లాను. తండ్రి పోయాక ఇప్పుడు వీణ కోసం పనస దుంగను ఆమే తొలుస్తోంది. చేతులకంటిన చెక్క పొట్టు దులుపుకుని పత్రిక అందుకుంది. ఫొటోలోని బొటనవేలి మీద వేలు పెట్టి, "ఉలి తగిలి సీలిపోయిన గోరు ఇదే. మా అయ్యే" అంది.

ముఖం కాస్త నీడలో పడిందేమో అన్నాను.

"మొగం ఫొటోలు మాకాడ సానా ఉన్నాయి బాబూ. సేతులు మీ బావొక్కడే తీసినాడు" అంది.

ఫొటో కింద మేస్త్రి పేరు, దాని పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో నీ పేరు వేశాను. "నా పేరెందుకురా" అని ప్రతిసారీ కొట్టేయించేవాడివి. ఈసారి నువ్వున్నా వినేవాణ్ణి కాదు.