వాళ్ళకి మేనరికం ఎక్కడిది?

పుప్పాలగూడ,
బుధవారం.

అమ్మకి,

రసజ్ఞ నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, నాతో ఫ్లాట్‌లో ఉండే స్వప్నా కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ నాన్నగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను అని రాయడం మనకు అలవాటు. ఈసారి ఆ వాక్యం రాయడానికి చెయ్యి రాలేదు. మొన్న సోమవారం ఉపవాసంతో డ్యూటీకి వెళ్ళి, పోస్టాఫీసు కౌంటరు దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయావని నాన్నగారు నిన్న ఫోనులో చెప్పారు. "కంగారు పడకమ్మా, నుదుటి మీద చిన్న దెబ్బే, కుట్లు రెండే పడ్డాయి" అన్నారు. నాన్నగారికి ధైర్యం చెప్పడం ఎప్పుడూ చేతకాదు.

షుగరున్న మనిషివి. మాత్ర వేసుకుని అన్నం మానేస్తే ఏమవుతుందో నీకు తెలియనిది కాదు. ఫోను నువ్వు తీసుకున్నాక అదే అడిగాను. "పదహారు సోమవారాలు మొక్కుకున్నానే, మధ్యలో ఆపితే నీకే మంచిది కాదు" అన్నావు. ఇంకో మాట అనేలోపు కుక్కరు కూత వేసిందని పెట్టేశావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరానికి కుక్కరు అడ్డం రాదు కదా. "మా ఇళ్ళలో పిల్లలే రాయకపోతే మా శాఖ మూసేస్తారే" అని నెలనెలా బెదిరించి నా చేత రాయించుకుంటావు. ఈ నెల బెదిరించకుండానే కూర్చున్నాను. ఒంట్లో బాగాలేదని ఆఫీసుకు చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను. దగ్గు తగ్గింది. తలకి నూనె ఆదివారాలు పెట్టుకుంటున్నాను, రోజూ పెట్టుకుంటున్నానని చెప్పినా నువ్వు నమ్మవు. నీళ్ళ ఇబ్బంది అలాగే ఉంది, ఎండలు ముదిరాక ట్యాంకరు రాని రోజు లేదు. వంటకి అంజమ్మ వస్తోంది. ఆవిడ మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొమురయ్య భార్య. నువ్వు పంపిన కందిపొడి తెగ నచ్చి, అడిగి మరీ ఇంటికి కొంచెం పట్టుకెళ్ళింది. మొన్న నా మొహం చూసి, "ఏం బిడ్డా, గట్ల వాడిపోయినవ్? దవాఖానకు పోయి సూపిచ్చుకోరాదు?" అంది. నిద్ర చాలడం లేదంతే అన్నాను. "అన్ని పనులు ఆ మిషిన్‌తోనే చేపిస్తవు గద. నిద్ర గూడ దానితోనే పోపియ్యి" అని నవ్వుకుంటూ గిన్నెలు సర్దింది.

అంజమ్మ ఎగతాళి నా పిచ్చి గురించి. కాస్త ఖాళీ దొరికితే నేను చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకుంటానని నీకు తెలుసు. గ్యాస్ అయిపోయే సమయానికి అదే బుక్ చేసేస్తుంది. కరెంటు బిల్లు అదే కడుతుంది. చుట్టాల పుట్టినరోజులకి శుభాకాంక్షలు అదే పంపుతుంది. పోయినసారి పిన్నికి నేను రాసిన నాలుగు ముక్కలు చదివి ఆవిడ మురిసిపోయిందని చెప్పావు చూడు, అవి కూడా దాని పుణ్యమే. పిన్నికి చెప్పకు. మా ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయేట్టు కూడా ఒకటి పెట్టాను. దానితో బాగుపడ్డది కొమురయ్య ఒక్కడే. మోటారు కట్టేసే పని తప్పింది కాబట్టి మధ్యాహ్నం హాయిగా కునుకు తీస్తున్నాడు.

ఆ కునుకు నాకు మాత్రం చిక్కడం లేదమ్మా. ఆఫీసులో నా పనిలో కొంత ప్రోగ్రాముకి అప్పగించి ఒక గంట మిగుల్చుకుంటే, మా మేనేజరు వినయ్ గారు ఆ గంటలోకి ఇంకొకరి పని తెచ్చి పెడతారు. ఆ ఇంకొకరిని అప్పటికే ఇంటికి పంపేసి ఉంటారు. రేపు నన్ను పంపరని నమ్మకం లేదు కాబట్టి నోరు మెదపకుండా చేస్తాను. రాయదుర్గంలో ఆఫీసు నుంచి ఇంటికి రావడానికి క్యాబులో కూర్చుంటే, సిగ్నలు దగ్గర ఆగినంతసేపూ కళ్ళు మూసుకుంటాను. ఎర్రలైటు ఇంకాసేపు ఉంటే బాగుండునని కోరుకునేది ఆ దారిలో నేనొక్కదాన్నే అనుకుంటా. ఇంటికి చేరాక "రేపు ఏం కూర చెయ్యాలె?" అని అంజమ్మ అడిగినా ఏడుపొస్తుంది. ఆలోచించి జవాబు చెప్పాలి కదా. జబ్బేమీ లేదు, భయపడకు. అలసిపోయాను.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. మిగతావాటికి జవాబులు ఆ రోజే రాయగలిగేదాన్ని. దీని దగ్గరే ఆగిపోయాను.

మండపేట బుల్లిబాబు గారి సంబంధం గురించి అడిగావు. నీ మాటల్నే మళ్ళీ రాస్తున్నాను. "వాళ్ళ అబ్బాయికి మేనరికం కుదిరిందట, అందుకని వద్దన్నారని నీ మెసేజి వచ్చింది. వాళ్ళకి మేనరికం ఎక్కడిదే? ఆయనకి అక్కచెల్లెళ్ళు లేరు. ఆవిడ వాళ్ళ అమ్మానాన్నలకి ఒక్కతే సంతానం. అబ్బాయికి అక్క కూడా లేదు. ఫోను చేసి అడుగుదామంటే, వద్దన్నవాళ్ళని ఎందుకని అడగడం పరువు తక్కువని నాన్నగారు ఒప్పుకోలేదు. మనం నచ్చక ఏదో ఒకటి చెప్పి ఉంటారు. వచ్చిన సంబంధమల్లా ఇలా గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతోందంటే, నా కడుపున పుట్టడమే నీకు దోషమేమో. పంతులుగారు చెప్పారని పదహారు సోమవారాల ఉపవాసం మొదలుపెట్టాను."

ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చున్నాను. స్వప్న చూసి ఏమైందని అడిగితే ఉత్తరం చేతిలో పెట్టాను. దానిది సిద్దిపేట దగ్గర పల్లె, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి మాట్లాడటం రాదు. చదివి, మడతపెట్టి ఇచ్చేసింది.

"అమ్మకు చెప్పినవా?" అంది.

"లేదు."

"ఇగ ఎప్పుడు చెప్తవ్? పదహారు వారాలు అయినంక ఆమె ఇంకో పదహారు పడ్తది. నువ్వు బంద్ చేసేదాంక ఆమె బంద్ చెయ్యది."

నేను ఉత్తరం తీసి బ్యాగులో పెట్టుకున్నాను.

"కన్నతల్లితోని గూడ మిషిన్‌తోనే మాట్లాడిపిస్తున్నవు. జర సోంచాయించు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట నాతో టీ కూడా తాగలేదు.

అంత విన్నాక కూడా రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అని దాటేశాను. ఈలోగా సోమవారం వచ్చింది. నేను అప్పుడే రాసి ఉంటే నువ్వు ఆ రోజు తిని డ్యూటీకి వెళ్ళేదానివి.

అమ్మా, ఆ మేనరికం నేను పుట్టించింది.

పెళ్ళి సంబంధాల సైటులో నాన్నగారు తన పేరు మీద ఖాతా తెరిచి, పాస్‌వర్డు గుర్తుండదని దాన్ని నాకు అప్పగించారు కదా. అందులో ఎవరైనా మనల్ని ఇష్టపడి కబురు పెడితే నేను చూడను. నా ప్రోగ్రాం చూస్తుంది. నాన్నగారి పేరుతో వాళ్ళకి మర్యాదగా "ఏమీ అనుకోకండి" అని రాసి పంపేస్తుంది. ఆదివారం పొద్దున్న నా నెంబరు నుంచి మీకు వచ్చే మెసేజి కూడా అదే రాస్తుంది. అందులో మాత్రం వాళ్ళే మనల్ని వద్దన్నట్టు ఉంటుంది. కారణాలు నేను ముందే రాసిపెట్టాను. జాతకాలు కుదరలేదనో, ఒకే గోత్రమనో, మేనరికం కుదిరిందనో, ఏదో ఒకటి అదే ఎంచుకుని ఇటు మీకూ అటు వాళ్ళకీ పంపుతుంది. ఎవరికి మేనత్త ఉందో, ఎవరికి మేనమామ లేడో దానికేం తెలుస్తుంది? అది నేర్పాలని నాకూ తోచలేదు. సంబంధం అన్న మాట వినగానే నువ్వు వాళ్ళ వంశం మొత్తం తిరగేస్తావని తెలిసి కూడా మర్చిపోయాను.

బుల్లిబాబు గారింట్లో ఈపాటికి నాకు బావతో పెళ్ళి ఖాయమైందని అనుకుంటూ ఉంటారు. వాళ్ళకి వెళ్ళిన కబురు అదే. మావయ్యకి ఉన్నది ఇద్దరూ ఆడపిల్లలేనని, నాన్నగారికి తోబుట్టువులే లేరని తెలిస్తే, వాళ్ళావిడ కూడా నీలాగే ఆరా తీసేది. మామూలుగా అయితే ఇది తలచుకుని నువ్వూ నేనూ పొట్ట పట్టుకుని నవ్వాలి. రాయడానికి కూర్చుంటే నవ్వు రావడం లేదు.

ఇన్నాళ్ళలో ఒక్కళ్ళు కూడా మనల్ని కాదనలేదమ్మా. కాదన్నదాన్ని నేను.

ఎందుకని అడుగుతావు. నా మనసులో ఎవరూ లేరు, ముందే చెప్తున్నాను. మొదటిసారి ఏలూరు వాళ్ళు అడిగినప్పుడు నా నోటితోనే వద్దన్నాను, గుర్తుందా? వారమంతా ఫోన్లు. ఎందుకు వద్దు, ఎవరినైనా ఇష్టపడ్డావా, వాళ్ళదే కులం, చెప్పు పరవాలేదు అని పిన్ని చేత కూడా అడిగించావు. ఎవరూ లేరంటే ఎవరూ నమ్మలేదు. నాన్నగారు నాతో నేరుగా మాట్లాడటం మానేసి "దానికి చెప్పు" అని నీ చేత చెప్పించారు. మన ఇళ్ళలో మగపెళ్ళివారు వద్దంటే కారణం అడగడం పరువు తక్కువ. పిల్ల వద్దంటే మాత్రం చుట్టాలందరికీ కారణం కావాలి. నా దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు. పెళ్ళి మీద కోపం లేదు, మగవాళ్ళ మీద అసహ్యం లేదు. ఒక కొత్త ఇంటికి వెళ్ళి, అక్కడివాళ్ళకి నేనేమిటో మొదటి నుంచీ చెప్పుకోవడానికి కావలసిన ఓపిక ఇప్పుడు లేదు. అలసిపోయానంటే అదీ ఒక కారణమేనా అంటారు. అందుకని వద్దనే పని మగపెళ్ళివారి మీదికి తోసేశాను.

దానివల్ల ఎవరికీ నొప్పి ఉండదనుకున్నాను. మీ ఇద్దరికీ వారం వారం ఆ నొప్పి పంపిస్తున్నానని ఆలోచించలేదు. నేను ఆదివారం నిద్ర లేవకముందే అది మీకు చేరిపోయేది. మీరు చదువుకుని, నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక, ఫోనులో ఆ ఊసే ఎత్తేవారు కాదు. నువ్వు ఎండలు ఎలా ఉన్నాయని అడిగేదానివి, నాన్నగారు జీతం పడిందా అనేవారు. ఆ ఊసెత్తకపోవడం నాకు హాయిగా ఉండేది. ఇది రాయడానికి సిగ్గేస్తోంది.

నీ కడుపులో దోషం లేదు. నా జాతకంలోనూ లేదు. శివుడు నీ మొర వినలేదనుకుంటున్నావేమో, ఆయన పంపినవాళ్ళని పంపినట్టే నేను వెనక్కి తిప్పేశాను.

నిన్న నాన్నగారి ఫోను పెట్టేయగానే ఆ ప్రోగ్రాం తీసిపారేశాను. బుల్లిబాబు గారికి నా పేరుతోనే జరిగిందంతా రాసి క్షమించమన్నాను. ఇంకా జవాబు రాలేదు, రాకపోయినా ఆయన తప్పు కాదు. నాన్నగారికి ఈ సంగతి నువ్వు చెప్పకు. ఆయన పేరు వాడుకున్నదాన్ని, నేనే చెప్పుకోవాలి.

శనివారం లింగంపల్లిలో గౌతమి రైలు ఎక్కుతున్నాను. సోమ మంగళవారాలు లీవు కావాలని వినయ్ గారిని అడిగితే, "ఆ వారం పని ఎంతుందో తెలుసు కదా రసజ్ఞా" అన్నారు. "తెలుసండి, అయినా కావాలి" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇచ్చారు.

ఆదివారం పొద్దున్న మెసేజి బదులు నేను వస్తాను. మీ ఇద్దరి ఎదురుగా కూర్చుని, ఇప్పుడు నాకు పెళ్ళి వద్దని నా నోటితో చెప్తాను. ఎప్పుడు కావాలనిపిస్తుందో నాకే తెలియదని కూడా చెప్తాను. నువ్వు ఏడుస్తావు. నాన్నగారు పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోతారు. నేను అక్కడి నుంచి లేవను. సోమవారం వంట నాది. నా వంట ఎలా ఉంటుందో నీకు తెలుసు, అయినా తినాలి. మొక్కు చెడిన పాపం ఏదైనా ఉంటే నా ఖాతాలో వేయమని దేవుడి ముందు నేనే నిలబడి చెప్తాను. నన్ను తిట్టాలనిపిస్తుంది, తిట్టు. ఎంతసేపు తిట్టినా పడతాను. కానీ అన్నం తిన్నాక తిట్టమ్మా.

ఇట్లు,
ఆదివారం వచ్చే నీ అమ్మాయి,
రసజ్ఞ