తపస్సుకాలంలో నోటికి తాళం

1881 మార్చి 2, విభూది బుధవారం, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదలు. ఉదయం 5.30

నేటి నుంచి వాదించను. ఎవరితోనూ, దేని గురించీ!

పన్నెండో తేదీన ప్రొవిన్షియల్ వస్తున్నారు. ఐర్లండులో మా జెస్విట్ సభ సన్యాసులందరికీ పెద్ద. ఎవరు దైవశాస్త్రానికి వెళ్ళి గురువులు, అంటే ఫాదర్లు, కావాలో, ఎవరు ఇక్కడే పిల్లలకు లాటిన్ విభక్తులు వల్లె వేయిస్తూ ముసలివాళ్ళు కావాలో ఆయనే తేలుస్తారు. నేను రెండేళ్ళు నవసన్యాసిగా నేల తుడిచాను. రెండేళ్ళు లాటిన్. మూడేళ్ళు తర్కం, తత్త్వం. ఆరేళ్ళుగా పంతులుపని. నా తోటి పంతులు మిస్టర్ ఎస్మండ్‌కి రెండేళ్ళ పంతులుపనే సరిపోయిందట, ఈ ఏడు దైవశాస్త్రం ఖాయమట. వాళ్ళ నాన్న మన గుడికి గంట పోయించి ఇచ్చాడు. మా నాన్న కౌలు రైతు. (ఇది వాదన కాదు. సమాచారం.)

కళాశాల పెద్ద ఫాదర్ వోగన్ నిన్న పిలిచి అన్నారు: "నాయనా టీర్నీ, నీకు తర్కం చెప్పించింది బయటివాళ్ళ మీదికి. మన మీదికి కాదు."

జవాబు పెదవి దాకా వచ్చింది. మింగేశాను!

పద్ధతి: అందరిలాగే చిన్న పుస్తకం. రోజుకొక గీత. తప్పు చేసినప్పుడల్లా చుక్క. ఆదివారం గీత పొడవు, శనివారం గీత బెత్తెడు. వారం గడిచేకొద్దీ తప్పులు తగ్గాలి కదా!

మధ్యాహ్నం 12: సున్నా.
సాయంత్రం 6: సున్నా!! ఇంత తేలికని ఎవరూ చెప్పలేదేం?

మార్చి 3

ఒక చుక్క. భోజనాల దగ్గర ఎస్మండ్, "కౌలుదార్లకు కావలసింది ఓర్పు" అన్నాడు. నేను ఒకే ఒక్క వాక్యం అన్నాను.

"ఒక వాక్యమే, కానీ హెర్రింగ్ చేప చల్లారిపోయింది మహానుభావా" అన్నాడు.

మార్చి 5

వంటశాల. మా వంటవాడు బ్రదర్ ఫెలిం, గురుపట్టం లేని సన్యాసి, నలభై ఏడేళ్ళవాడు. అక్క దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తరాలు ముందు పెద్దలే విప్పి చదవాలి. ఫెలింకి చదువు రాదు కనుక ఫాదర్ వోగనే చదివి వినిపించారట: అందరూ క్షేమం, నీ ప్రార్థనలు కోరుతున్నారు.

"రెండు వైపులా రాసుంది, మిస్టర్ టీర్నీ. ఆయన చదివింది ఒక్క గుక్కలో అయిపోయింది. కాస్త మీరు చదివి పెడుదురూ."

కుదరదన్నాను. పెద్దలు చదివింది మళ్ళీ చదివితే వారిని అనుమానించినట్టు. అనుమానం వాదనకు దారి.

"పోనీ, నాకే అక్షరాలు చెప్పండి."

అదీ కుదరదు. చదువు రాకుండా చేరిన బ్రదర్ చదువు నేర్చుకోరాదని నియమం. లోకమంతా బడులు పెట్టిన సభ! మూడు వందల ఏళ్ళుగా! తమ అన్నం వండేవాడికి మాత్రం...

చుక్క. మనసులో వాదించినా చుక్కే.

మార్చి 6, ఆదివారం

కొత్త వారం, పొడుగు గీత!

ఆలోచించాను. గంజికి వాడే ఓట్స్ బస్తా మీద ఏం రాసుందో చెప్పడం చదువు చెప్పడం కాదు. ఓట్స్‌ను గుర్తుపట్టించడం. తర్కం చదివిన మూడేళ్ళూ ఊరికే పోలేదు!

సాయంత్రానికి ఓట్స్, ఉప్పు, టీ అయ్యాయి. బల్ల మీది పిండిలో వేలితో రాశాను. తుడిచేస్తే పోతుంది.

మార్చి 8

అక్షరాల ధ్యాసలో గంజి మాడింది. ఫాదర్ వోగన్ అడిగితే ఫెలిం ధ్యానంలో ఉన్నాడన్నాను. "వంటవాడికి ధ్యానమేమిటి?" అన్నారు.

నాలుగు చుక్కలు. ఇందులో మూడు ఆయన ఖాతాలో వేయాలి.

మార్చి 10

"ఉత్తరంలో ఈ మాట చూడండి. నాలుగుసార్లుంది. మొదట అమ్మ అనుంది, అది గుర్తుపట్టాను. ఇదేమిటి?"

ఫెలిం బొటనవేలి కింద మాటొక్కటే చూశాను.

"'రా' అని."

ఆలుగడ్డ కోసే కత్తి కింద పెట్టాడు. "ఎవరు? నేనా?"

ఇక చదవక తప్పలేదు. జనవరి నుంచి తల్లి మంచం పట్టింది. ఫెలిం, ఫెలిం అంటోంది. ఉత్తరం రాసి పద్దెనిమిది రోజులు.

"నాకు నోరు పెగలదు. మీరడగండయ్యా ఫాదర్‌ని."

"పన్నెండో తేదీ దాటనీ, బ్రదర్."

"దాటాల్సింది మా అమ్మ కదా."

మార్చి 11

సున్నా! రోజంతా సున్నా!

వివేకం కూడా పుణ్యమే. ఒక్కరోజులో ఏమవుతుంది? నేను గురువునైతే ఇలాంటి ఫెలింలు వంద మందికి మేలు చేయగలను. ఫెలిం ఆలుగడ్డలు వడ్డిస్తూ నా మొహం చూడలేదు. పళ్ళెం తాకకుండా లేచాను. తపస్సుకాలం, ఉపవాసం మంచిదే.

మార్చి 12

10.00: ప్రొవిన్షియల్ గదిలోకి వెళ్ళాను.

10.20: "నీ నాలుక చల్లబడిందని విన్నాను. సెప్టెంబర్లో దైవశాస్త్రానికి వెళ్ళు. ఇంకేమైనా ఉందా నాయనా?"

"లేదు ఫాదర్." గడియ మీద చెయ్యి వేశాను. తలుపు తీయలేకపోయాను. వెనక్కి తిరిగి, ఫెలిం ఉత్తరంలో దాచిపెట్టిన సంగతి చెప్పాను.

"అలాంటి కబుర్లు బ్రదర్ల మనశ్శాంతి పాడుచేస్తాయి" అన్నారు.

"ఎస్మండ్ తల్లికి జలుబు చేస్తే బండి కట్టించారే! ఆ మనశ్శాంతి మాటేమిటి?"

"అది వేరు."

"ఎలా వేరు ఫాదర్? ఆవిడ దగ్గు గంటలా మోగుతుందా?"

11.45: బయటికి. ఫెలింకి సెలవు దొరికింది. నాకు దైవశాస్త్రం లేదు, ఏడో ఏడు విభక్తులు. చుక్కలకు చోటు చాలలేదు.

మార్చి 17, పాట్రిక్ పండుగ

ఫెలిం తిరిగొచ్చాడు. అతను వెళ్ళాక తల్లి రెండు రోజులు ఉందట. పోయింది.

"గుర్తుపట్టిందా?"

"పట్టింది. ఇంత ఆలస్యమేంరా అంది. ఉత్తరం దారిలో తప్పిపోయిందని చెప్పాను."

"అబద్ధమెందుకు చెప్పావయ్యా!"

"మరి మన పెద్దల పరువు పోదూ?"

ఫాదర్ వోగన్ చేసిన పని మీద తల్లి చివరి ఘడియలో దుప్పటి కప్పి వచ్చాడు! ఆలుగడ్డల బుట్ట ముందు నిలబెట్టి అరగంట వాదించాను. "మీరు చెప్పేది నిజమే కావచ్చు మిస్టర్ టీర్నీ, గంజి పొంగుతోంది" అన్నాడు.

రేపు శుక్రవారం. రేపటి నుంచి వాదించను. ఎవరితోనూ, దేని గురించీ!