తెడ్డు సీల

రమణయ్యా,

నువ్వు పెన్నలో పోయి నేటికి ఏడాది. పొద్దున నీ పడవను ఆత్మకూరులోని నా రిపేరు షెడ్డుకు తెచ్చారు. ఇకపై కలువాయి రేవులో దాన్ని ఇంకొకడు నడుపుతాడట.

మిలిటరీ వాళ్లు వేలం వేసిన సత్తు రేకు పడవ కదా. తెడ్డు తిరిగే స్టీలు సీల ఇంకా బిగుసుకునే ఉంది. నిరుడు వానలకు ముందు నువ్వొచ్చి, "ఇది కదలకుండా ఉండాది అన్నా. వరదొస్తే పడవ తిప్పలేను" అన్నావు.

"బస్సు పని ఉండాది. పండగ అయినాక రా" అని పంపేశాను.

పండగకు ముందే వరద వచ్చింది. నువ్వు పడవ తిప్పలేకపోయావని ఒడ్డున ఉన్నవాళ్లు చెప్పారు. మూడోరోజు దొరికావు.

ఈరోజు సీల చుట్టూ పేరుకున్న తెల్లపొడి గీకి, సత్తును వేడిచేసి, నూనె పోసి మెల్లగా తట్టాను. సీల ఊడి చేతిలోకి వచ్చింది.

సాయంత్రం నీ భార్య కోటమ్మ వచ్చి దాన్ని చాలాసేపు చూసింది.

"ఎంతసేపు పట్టింది అన్నా?"

"పొద్దున కూర్చుంటే ఇప్పుడు ఊడిందమ్మా. చానా మొండిది."

కోటమ్మ తల ఊపి వెళ్లిపోయింది.

అరగంట పట్టింది రమణయ్యా.